గెలిచిందెవరు?

ఆదివారం పొద్దున్నే అబిడ్స్‌లో కొట్లు మూసి వుంటే, వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలవాళ్ళ రాజ్యం మొదలవుతుంది. అక్కడ దొరకనిదంటూ లేదు, మనం వెతికేది తప్ప! నిఘంటువు కోసం వెళ్ళిన నాకు ఓసారి అట్ట చిరిగిన ఆటల పత్రికలో ఒక ఫోటో కనబడింది. ఇద్దరు సైకిలు పందెగాళ్ళు కొండదారి ఎక్కుతున్నారు. నీళ్ళ సీసా ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారుతున్నది. బేరమాడకుండా కొనేశాను.

ఇద్దరూ ఇటలీవాళ్ళే: జీనో బార్తాలి, ఫాస్తో కొప్పి. 1952 టూర్ ద ఫ్రాన్స్‌లో గలిబియే కనుమ మీద తీసిన ఫోటో అది. సీసా ఎవరు ఎవరికిచ్చారన్నది ఈనాటికీ తేలలేదు. మనవాళ్ళు రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అని కొట్టుకున్నట్టే ఇటలీ కూడా రెండు పార్టీలై వాదించుకుంది.

సైకిలు పందెంలో ఒక తిరకాసు వుంది. ముందు పోయేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వెనక అంటిపెట్టుకుని వచ్చేవాడికి బోలెడు శ్రమ తప్పుతుంది. ఒకప్పుడు అబిడ్స్‌లో డబుల్ డెక్కర్ బస్సు వెనక తొక్కినవాళ్ళకి ఈ శాస్త్రం వేరే చెప్పనక్కరలేదు. అందుకని గుంపును వదిలి ముందుకు దూసుకుపోయిన ఇద్దరూ వంతులవారీగా గాలికి ఎదురు నిలవాలి. పంతాలకు పోయారా, గుంపు వచ్చి ఇద్దర్నీ మింగేస్తుంది!

1940లో కొప్పి బార్తాలి జట్టులో సహాయకుడిగా చేరాడు. ఆ యేడు జీరో ద ఇటాలియా పందెంలో కుక్క అడ్డమొచ్చి బార్తాలి పడ్డాడు. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు గెలిచాడు. కొండల్లో అతన్ని అదిలించి నడిపించింది బార్తాలియే. శిష్యుడు గురువుని మించాక ఇంకేముంది, చూపులు మారాయి. 1948లో హాలెండులోని వాల్కెన్‌బర్గ్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. నువ్వు గెలవకపోతే చాలునన్నట్టు ఒకరినొకరు కాపలా కాసుకుని, చివరికి ఇద్దరూ పందెం మానుకున్నారు. వాళ్ళ దేశపు సంఘం ఇద్దర్నీ సస్పెండు చేసింది.

మర్నాటి యేడు టూర్‌లో అదే ఇద్దరు ఆల్ప్స్ కొండల్లో కలిసి తొక్కారు. బ్రియాన్సోన్‌లో ఆ నాటి గెలుపు బార్తాలిది. అది అతని 35వ పుట్టినరోజు! మర్నాడు అతను వెనకబడితే కొప్పి ముందుకు సాగాడు. మొత్తం పందెంలో కొప్పి మొదటివాడు, బార్తాలి రెండోవాడు.

అసలు కథ 1959 చివర్లో వుంది. మరుసటి యేడాదికి కొప్పి కొత్త జట్టులో చేరబోతున్నాడు. దాని పెద్ద ఎవరనుకున్నారు? బార్తాలియే! ఇంతలో కొప్పి పందేలకనీ వేటకనీ ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా (నేటి బుర్కినా ఫాసో) వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చాడు. అది మలేరియా అని ఇటలీ డాక్టర్లు పోల్చుకోలేదు. 1960 జనవరి 2న కొప్పి పోయాడు. నలభయ్యేళ్ళు. అతనితో వెళ్ళి అదే జ్వరం తెచ్చుకున్న జెమినియాని జబ్బును ఫ్రాన్సులో కనిపెట్టారు. ఆయన 99 యేళ్ళు బతికాడు.

ఇది చదివి నా మనసు కలుక్కుమంది. మలేరియాను మోసేది దోమేనని రోనాల్డ్ రాస్‌కి రుజువు దొరికింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అబిడ్స్‌నుంచి సైకిలు మీద పోయి రాగల దూరం.

నాకూ ఒక బార్తాలి వుండేవాడు. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా వుంది గదా, ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే నిద్రపోయే చోటు. అక్కడ బయల్దేరి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా అద్దె సైకిళ్ళమీద పందెం వేశాం. గెలిచింది నేనని నేను, తనని వాడు. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు ఉత్తరాల్లో, పెళ్ళిళ్ళలో, చివరికి ఆస్పత్రి మంచం దగ్గర కూడా అదే తగువు.

బార్తాలి 2000 దాకా, అంటే కొప్పి లేకుండా మరో నలభయ్యేళ్ళు బతికాడు. సీసా నేనే ఇచ్చానని అంటే అవుననడానికి గాని, కాదనడానికి గాని రెండోవాడు లేడు. నా సంగతీ అంతే. పోస్టాఫీసు ముందు నిలబడి గెలిచింది నేనేరా అంటే, కాదని పోట్లాడేవాడేడీ?