తల్లి, కార్యదర్శి, స్వచ్ఛంద సేవిక: కమలాదేవి ఛటోపాధ్యాయ

ఏ మహాసభ జరిగినా అధ్యక్షుల ప్రసంగం పత్రికల కెక్కుతుంది. ఆ సభకు ఆహ్వానాలు వ్రాసినవారు, ఊరూరా తిరిగి సభ్యులను చేర్చినవారు, తీర్మానాలకు నకళ్ళు తీయించినవారు, చివరికి జమాఖర్చులు సరిచూచి చాపలు చుట్టించినవారు చరిత్ర పుటలలో అరుదుగా కనిపిస్తారు. ఇటువంటి పనిని చిన్నపనిగా ఎన్నడూ తలపక, అందులోనే తన శక్తియుక్తులను ధారపోసిన మహిళామణి కమలాదేవి ఛటోపాధ్యాయ. ఎనభై అయిదేండ్ల ఆమె జీవితం కర్ణాటక సీమలో మొదలై దేశమంతటా విస్తరించింది. తెలుగునాటితో దానికి గల అనుబంధమూ తక్కువది కాదు.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3వ తేదీన మంగుళూరులో ఒక సారస్వత కుటుంబంలో జన్మించారు. ఇంటి భాష కొంకణి. దక్షిణ కన్నడ జిల్లా ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. సర్కారు జిల్లాలూ, రాయలసీమా, మంగుళూరూ ఒకే ప్రభుత్వం క్రింద ఉండేవి. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ప్రభుత్వోద్యోగి. తల్లి గిరిజాబాయి విద్యాభిరుచి గల ఇల్లాలు. కమలాదేవికి ఏడేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించారు. ఆనాటి వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి యావత్తూ మొదటి భార్య కుమారునికి సంక్రమించింది. వితంతువుకు, ఆమె కుమార్తెలకు దక్కింది నెలసరి భరణం మాత్రమే. గిరిజాబాయి ఆ భరణాన్ని నిరాకరించారు. పుట్టింటివారు స్త్రీధనంగా ఇచ్చిన ఆస్తితోనే బిడ్డలను పెంచుకున్నారు. హక్కు లేనిచోట దయను ఆశ్రయించరాదన్న పాఠాన్ని కమలాదేవి తల్లి ఒడిలోనే నేర్చారనవచ్చును.

పదునాలుగవ యేట ఆమెకు వివాహం జరిగింది. రెండేండ్లు తిరిగేసరికి భర్త మరణించాడు. ఆ కాలపు వితంతు బాలికలకు వంటిల్లే లోకం. కమలాదేవి మాత్రం చదువు మానలేదు. మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో చేరారు. అక్కడి పరిచయాల వలన కవి, నాటకకర్త హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయతో స్నేహం కలిగి, అది వివాహానికి దారితీసింది. హరీంద్రనాథ్ హైదరాబాదులో పెరిగినవారు. నిజాం కళాశాలకు ఆద్యుడైన అఘోరనాథ్ ఛటోపాధ్యాయ కుమారుడు, సరోజినీ నాయుడుకు తమ్ముడు. వితంతు పునర్వివాహం, అందునా భాషాంతర వివాహం. బంధువర్గంలో ఎంతో అలజడి రేగింది. ఆ దంపతులకు ఒక్కడే కుమారుడు. కాలక్రమాన ఆ దాంపత్యం విడాకులతో ముగిసినా, ఛటోపాధ్యాయ అన్న ఇంటిపేరు ఆమెకు కడదాకా నిలిచిపోయింది.

కమలాదేవి లండనులో సాంఘిక శాస్త్రాలు అభ్యసిస్తున్న రోజులలో స్వదేశంలో గాంధీజీ ఉద్యమం ఆమెను ఆకర్షించింది. తిరిగివచ్చి, కాంగ్రెసు స్వచ్ఛంద సేవాదళంలో చేరారు. ఆ హిందుస్తానీ సేవాదళం పుట్టినది మన తెలుగుగడ్డ మీదనే. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భంగా, హుబ్బళ్ళికి చెందిన డాక్టర్ ఎన్.ఎస్. హర్డీకర్ కృషితో అది రూపుదాల్చింది. ఆ మహాసభల నాటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద పదునాలుగేండ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూ అంతటివారిని నిలిపివేసిన సంగతి తెలుగువారికి సుపరిచితమే. అప్పగించిన పని చిన్నదైనా దానికొక నియమమున్నదని, ఆ నియమం ముందు పెద్ద చిన్న తేడా లేదని ఆ బాలిక చాటింది. సేవాదళం కోరిన క్రమశిక్షణ కూడా అదే. దళంలోని మహిళా విభాగం బాధ్యతను వహించిన కమలాదేవి, ఇల్లు దాటి ఎరుగని స్త్రీలకు కవాతు, ప్రథమ చికిత్స, జనసమూహాలను అదుపుచేసే పద్ధతి నేర్పించే కార్యంలో పాలుపంచుకున్నారు.

1926లో మద్రాసు శాసనమండలి ఎన్నికలలో స్త్రీలు పోటీ చేయుటకు అవకాశం లభించింది. మార్గరెట్ కజిన్స్ ప్రోత్సాహంతో కమలాదేవి మంగుళూరు ప్రాంతం నుండి బరిలోకి దిగారు. ప్రచారానికి మిగిలిన వ్యవధి కొద్ది రోజులే. స్వల్పమైన తేడాతో ఓడిపోయారు. కానీ ఓటమి ఆమెను ఇంట కూర్చోబెట్టలేదు. 1927 జనవరిలో పుణెలో సమావేశమైన అఖిల భారత మహిళా సభకు ఆమె తొలి నిర్వాహక కార్యదర్శి అయ్యారు.

కార్యదర్శి పదవి కిరీటం కాదు, కావడి. రైలులో రాత్రింబవళ్ళు ప్రయాణించి, పట్టణం తరువాత పట్టణంలో స్త్రీలను సమావేశపరచి, శాఖలను నెలకొల్పవలసి వచ్చింది. పరదా చాటున ఉన్నవారితో, ఉన్నత కుటుంబాల వారితో, ఉపాధ్యాయినులతో వేర్వేరుగా మాట్లాడవలసి వచ్చింది. స్త్రీ విద్య కొరకు ఆరంభమైన ఆ సభ, బాల్యవివాహాలు ఆగనిదే ఆడపిల్లలు బడిలో నిలువరని త్వరలోనే గ్రహించింది. 1929లో ఆమోదం పొందిన శారదా చట్టానికి దేశమంతటా మద్దతు కూడగట్టిన సంస్థలలో అది ముఖ్యమైనది. బాలికల కనీస వివాహ వయస్సును ఆ చట్టం 14 సంవత్సరాలుగా నిర్ణయించింది. సరిగా ఆ వయస్సుననే పెండ్లిపీట లెక్కి, పదహారేండ్లకు వైధవ్యం పొందిన స్త్రీ ఆ సభ పనిని భుజాన వేసుకొనుట గమనింపదగినది. 1932లో ఢిల్లీలో స్థాపితమైన లేడీ ఇర్విన్ కళాశాల కూడా ఆ మహిళా సభ కృషి ఫలమే.

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైనపుడు దండి యాత్రలో స్త్రీలకు చోటు లేకపోయింది. కమలాదేవి గాంధీజీని కలిసి స్త్రీలను వేరుగా ఉంచరాదని వాదించి ఒప్పించారు. బొంబాయి సముద్రతీరాన ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించిన తొలి దళంలో ఆమెతోబాటు అవంతికాబాయి గోఖలే ఉన్నారు. తయారుచేసిన ఉప్పును పొట్లాలు కట్టి షేర్ మార్కెట్టు దాకా తీసుకుపోయి అమ్మారు. హైకోర్టులో ప్రవేశించి, స్వాతంత్ర్యపు ఉప్పు కొనవలసినదిగా న్యాయాధికారినే అడిగారు. ఫలితం కారాగారవాసం. నాటికి కుమారుడు ఇంకా బాలుడు. ఆ తరువాతి ఉద్యమాలలోనూ ఆమె పలుమార్లు చెరసాల పాలయ్యారు. దేశసేవికల త్యాగాన్ని కీర్తించే వేళ, తల్లి ఇంట లేని దినాలను లెక్కించుకొన్న పసివారి త్యాగాన్ని కూడా స్మరించుట న్యాయం. ఆ మూల్యం ఎవరి పద్దులోనూ వ్రాయబడలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది, దానితోబాటు దేశవిభజన వచ్చింది. సహచరులెందరో పదవులు స్వీకరిస్తున్న వేళ కమలాదేవి శరణార్థుల శిబిరాలకు వెళ్ళారు. 1948లో భారత సహకార సంఘాన్ని నెలకొల్పి, నిర్వాసితులు తమ కాళ్ళపై తాము నిలిచే మార్గం వెదికారు. వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుండి వచ్చిన వేలాది కుటుంబాలకు ఆశ్రయమిచ్చిన ఫరీదాబాదు పట్టణ నిర్మాణంలో ఆ సంఘం పాత్ర ఉన్నది. అన్నం పెట్టడంతోనే సేవ ముగియదని, అన్నం సంపాదించుకొనే పని చూపినపుడే అది సార్థకమని ఆమె విశ్వాసం.

ఆ విశ్వాసమే ఆమెను చేతివృత్తుల వైపు నడిపించింది. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి ఆమె అధ్యక్షురాలై, మరుగున పడుతున్న కళలను వెదకుతూ గ్రామ గ్రామం తిరిగారు. శ్రీకాళహస్తిలో వెదురు పుల్ల కలంతో, చెట్ల బెరళ్ళూ వేళ్ళూ ఇచ్చే రంగులతో, వస్త్రం మీద పురాణ గాథలను చిత్రించే కలంకారీ విద్య అప్పటికి కొద్దిమంది వృద్ధుల చేతులలో కొనఊపిరితో ఉండినది. 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం వెలసి, కొత్త తరానికి ఆ విద్య అందింది. నేడు తెలుగింటి స్త్రీ గర్వంగా ధరించే కలంకారీ చీర వెనుక ఒక కన్నడసీమ వనిత ప్రయాణాలు ఉన్నవని చాలమందికి తెలియదు. బెంగుళూరులో 1964లో ప్రారంభమైన నాట్య సంస్థకూ ఆమె చేయూత ఉన్నది.

1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1986లో స్వీయచరిత్ర ప్రకటించారు. 1988 అక్టోబరు 29న బొంబాయిలో తుదిశ్వాస విడిచారు. గిరిజాబాయికి భర్త ఆస్తిలో భాగం నిరాకరించిన న్యాయం 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో చాలవరకు మారింది. ఆ మార్పు కొరకు దశాబ్దాలు ఆందోళన చేసిన మహిళా సంఘాలలో కుమార్తె కార్యదర్శిగా నడిపిన సభ కూడా ఒకటి. తల్లి ఋణం ఈ రీతిగానూ తీర్చుకొనవచ్చును.

విద్యాలయాలైనా, గ్రంథాలయాలైనా, పరాయి ప్రాంతాలలో మాతృభాషను నిలుపుకొనే సంఘాలైనా జీవించేది ఇటువంటివారి వలననే. చందా పుస్తకం చేతబట్టి ఇంటింటి మెట్లెక్కే తల్లులు, వేతనం లేకుండా నివేదికలు వ్రాసే కార్యదర్శులు, పిలువకనే వచ్చి బల్లలు సర్దే సేవకులు ప్రతి సంస్థలోనూ ఉంటారు. వారి పేర్లు శిలాఫలకాలపై ఉండకపోవచ్చును. సంస్థ తన చరిత్రను తాను వ్రాసుకొనే వేళనైనా ఆ పేర్లను వెదకి, మినిట్సు పుస్తకాలలో మరుగుపడినవాటిని వెలికితీసి, పిల్లలకు చెప్పవలసిన బాధ్యత పెద్దలది. ఆ పనిని అందిపుచ్చుకొని కొనసాగించవలసిన బాధ్యత పిల్లలది.