మెత్తని నేల, సిమెంటు రోడ్డు: ఒక చారిత్రక పరిశీలన

రొళ్ల, రత్నగిరి ప్రాంతం నేల మీకు తెలిసే ఉంటుంది. ఎర్రమట్టి, గరుసు, దాని కింద రాయి. ఇటువంటి చోట సిమెంటు రోడ్డుకు నేల వల్ల ఇబ్బంది తక్కువే. అయినా కుళాయి గొట్టాల కోసం తవ్వి, దిమ్మిసతో కొట్టకుండా పూడ్చిన చోట వీధి రోడ్డు అడ్డంగా పగులుతుంది. నేల మెత్తగా ఉండటం కన్నా, ఒకచోట కుంగి దాని పక్కన కుంగకపోవటమే అసలు చిక్కు. ఈ తేడా స్పష్టపడటానికి చాలా కాలం పట్టింది.

1819లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిచ్చిన జాన్ మెకాడమ్, గట్టి నేల కన్నా మెత్తని నేలే తనకు ఇష్టమన్నాడు. మనిషి దిగబడకుండా నడవగలిగితే చాలన్నాడు. వింతగా తోచినా ఇందులో అర్థముంది. రాతి నేల మీద కంకర చక్రానికీ రాతికీ నడుమ నలిగిపోతుంది. మెత్తని నేల మీద కంకర రోడ్డు నేలతోపాటే వంగుతుంది. కుంగిన చోట మళ్లీ కంకర పోసుకోవచ్చు. బరువు మోసేది నేలే కనుక దాన్ని పొడిగా ఉంచాలన్నది ఆయన ముఖ్య సూత్రం.

కాంక్రీటుకు ఈ వెసులుబాటు లేదు. అది వంగదు, విరుగుతుంది. అమెరికాలో తొలి కాంక్రీటు వీధి 1891లో ఒహాయోలోని బెల్‌ఫాంటేన్ పట్టణంలో వచ్చింది. 1920 తరువాత ఇలినాయ్‌లోని బేట్స్ ప్రయోగ రోడ్డు మీద లారీలు నడిపి చూడగా, పలకల అంచులూ మూలలూ ఎంత బలహీనమో తెలిసింది. 1926లో వెస్టర్‌గార్డ్ నేలను స్ప్రింగుల పరుపుగా భావించి లెక్క కట్టాడు. నేల మెత్తనిదైనా అంతటా ఒకే తీరుగా ఉంటే, తగిన మందంతో పలక నిలుస్తుందని ఆ లెక్క చెబుతుంది. కాని అందులో పలక ఎక్కడా నేలను వదలదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బరువైన లారీలు పెరిగాక అతుకుల నుంచి బురదనీరు చిమ్మసాగింది. మట్టి కొట్టుకుపోయి, కింద బోలు ఏర్పడి పలకలు విరిగాయి.

మరి నేల ఎందుకు కుంగుతుంది? బంకమట్టి నుంచి నీరు మెల్లగా పిండుకుపోవటమే కారణమని టెర్జాగీ 1925 నాటి గ్రంథంలో వివరించాడు. కృష్ణా, గోదావరి డెల్టాల బంకమట్టిపై గట్టు పోసి, అది కుంగేదాకా ఆగి రోడ్డు వేయాలనటం ఇందుకే. నల్లరేగడి తీరు మరొకటి: వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది.

మన దేశంలో జయకర్ కమిటీని 1927లో నియమించారు. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడింది. నేడు పెద్ద రోడ్లలో పలక కింద తక్కువ సిమెంటు కాంక్రీటు పొర వేస్తారు, అతుకుల్లో ఇనుప కడ్డీలు పెడతారు. ఊరి వీధులకు ఇంత ఏర్పాటు అరుదు.

అభ్యాసం: మీ వీధి రోడ్డులో ఒక పగులును ఎంచుకోండి. అది అతుకు దగ్గరా, పూడ్చిన కాలువ మీదా, అంచునా? కారణాన్ని పది వాక్యాల్లో రాయండి.