పదహారు నెలల రైలు

షాంఘై నగరాన్ని ఒరుసుకుంటూ పారే హువాంగ్‌పు నది యాంగ్‌ట్జీలో కలిసేచోట ఊసుంగ్ అనే రేవు ఉంది. ఏటి ముఖంలో ఇసుక మేట. పెద్ద ఓడలు దాన్ని దాటలేక ఆగిపోయేవి. సరుకంతా పడవల్లోకి దించి నగరానికి చేర్చాల్సి వచ్చేది. మధ్యనున్న ఆ తొమ్మిది మైళ్లూ రైలు వేస్తే కష్టం తీరుతుందని విదేశీ వర్తకులు ఆశపడ్డారు. ఆశ మంచిదే. దాన్ని తీర్చుకున్న తీరే చెడ్డది.

రైలుకు అనుమతి రాదని వాళ్లకు తెలుసు. అందుకే ‘ఊసుంగ్ రోడ్ కంపెనీ’ అని పేరు పెట్టి, బండ్లబాట వేస్తామని చెప్పి నేల కొన్నారు. వెనకుండి నడిపించింది జార్డిన్ మాథిసన్ సంస్థ. నల్లమందు అమ్మి గడించిన ఇల్లది. రెండు నల్లమందు యుద్ధాల్లో ఓడి, ఆ గాయం ఇంకా మానని దేశానికి ఆ పేరు వింటే ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా?

రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు, ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో తయారైన ‘పయొనీర్’ అనే బుల్లి ఇంజిను. 1876 ఫిబ్రవరిలో అది కదిలింది. ఇది మోసమని షాంఘై అధికారి ఫెంగ్ జున్‌గువాంగ్ మొత్తుకున్నాడు. ఆయన అన్నది నిజం. అయినా జులై మొదట్లో, దారి మధ్యలోని జియాంగ్‌వాన్ దాకా జనాన్ని ఎక్కించుకుని రైళ్లు నడిచాయి. చైనాలో జనాన్ని మోసిన మొదటి రైలుదారి అదే.

నెల తిరిగింది. ఆగస్టు 3న పట్టాల మీద ఒక మనిషి రైలు తగిలి చనిపోయాడు. అప్పటిదాకా కాగితాల మీదున్న తగవు నెత్తురు చూసింది. రైళ్లు ఆగిపోయాయి. అక్టోబరులో నాన్‌జింగ్‌లో రాజీ కుదిరింది. 2,85,000 తేల్‌ల (నాటి చైనా తూకం) వెండికి చైనా ప్రభుత్వం ఆ దారిని కొంటుంది, ఏడాదిలో వాయిదాలు తీరేదాకా కంపెనీ నడుపుకుంటుంది.

గడువు రాసిపెట్టి ఉన్న ఆ ఏడాదే మనసు కలచివేస్తుంది. డిసెంబరు నుంచి రైలు ఊసుంగ్ దాకా వెళ్లింది. జనం టికెట్లు కొని ఎక్కారు. 1877 ఆగస్టు చివరికి 1,60,000 మందికి పైగా ప్రయాణించారు. దాన్ని ఉంచమని స్థానిక వర్తకులు అర్జీ కూడా పెట్టుకున్నారు. వినేవాళ్లు లేకపోయారు.

అక్టోబరు 20న ఆఖరి బండి నడిచింది. వైస్రాయి షెన్ బావోజెన్ పట్టాలు పీకించాడు. ఆయన యంత్రాలంటే గిట్టని మనిషి కాడు, ఫుజౌలో ఆవిరి ఓడలు కట్టించినవాడు. కానీ తన దేశం కళ్లుగప్పి వచ్చిన ఇనుమును చేతుల్లోకి తీసుకోలేకపోయాడు. పట్టాలనూ సామగ్రినీ తైవాన్‌కు పంపారు. అక్కడ రైలు కాలేదు సరికదా, తుప్పు పట్టిపోయాయి.

నాటి బేరంలో చైనా తరఫున కూర్చున్న షెంగ్ ష్వాన్‌హువాయ్, ఇరవై ఏళ్లు గడిచాక, చైనా రైల్వేలకు పెద్ద అయ్యాడు. 1898లో, దాదాపు అదే దారిలో, ఊసుంగ్‌కు మళ్లీ రైలు నడిచింది. ఈసారి దాన్ని మొదటినుంచీ రైలనే పిలిచారు.