పాలమూరు, నల్లగొండ ఇండ్లలో పుస్తకపు గూళ్ళు

గృహమందలి పుస్తకముల వరుసను చూచి గృహస్థుని స్వభావమును నిర్ణయింపవచ్చునని పలువురు తలంతురు. కొనుటకు దుకాణమును, పెట్టుకొనుటకు అద్దాల బీరువాయు ఉన్న పట్టణములందు ఆ మాట కొంతవరకు చెల్లవచ్చును. కాని రాళ్ళగుట్టలును, చెరువులును, జొన్నచేలును పరచుకొనియున్న పాలమూరు, నల్లగొండ సీమలలో ఇంటి గూటిలోని గ్రంథము చాలకాలము వరకు యజమాని రుచికంటె ఆ ఇంటి అంతస్తును, ఆనాటి రాజభాషను ఎక్కువగా తెలుపుచుండెడిది. మనిషి తెలియవలెనన్నచో ఆ గ్రంథమును అతడేమి చేసెనో విచారింపవలసియుండును.

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములు పాలమూరు మండలమున వర్ధిల్లిన కాలమున కవిపండితులకు ఆ గడపలు ఆశ్రయములయ్యెను. తిరుపతి వేంకటకవులు కోస్తానుండి వచ్చి ఇచ్చట సన్మానములు పొంది పోయిరి. జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయలు స్వయముగా చంద్రికాపరిణయమను ప్రబంధమును రచించెను. ఇట్టి ఆస్థానములకు రాకపోకలున్న పండితుల ఇండ్లలో, గోడలో వదలిన గూటనో, అటకమీది సందుగలోనో తాళపత్రపు కట్టలుండెడివి. ఆకుపై గంటముతో గీచి, మసి పూసి తుడిచి అక్షరములను నల్లబరచి, రంధ్రమున త్రాడు దూర్చి, రెండు చెక్కల నడుమ బిగించి, గుడ్డలో చుట్టి, పురుగు పట్టకుండ వసకొమ్ములును వేపాకును చేర్చి దాచిన ఆ కట్టల తుదియాకున, లేఖకుడు తన పేరును, పూర్తిచేసిన తిథివారములను వ్రాసి, నడుము మెడలు వంచి పడిన శ్రమను చెప్పుకొని, నూనెనుండియు, నీటినుండియు, వదులు కట్టునుండియు దీనిని కాపాడుడని చదువరిని వేడుకొనుట వాడుక. అచ్చుపుస్తకముపై యజమాని సంతకము దొరకును. తాళపత్రమునందు, తనకు కావలసినదానిని తానే ప్రతి వ్రాసికొన్నవాని నెలల కృషి దొరకును. శరన్నవరాత్రులలో మూలానక్షత్రమునాడు ఆ కట్టలను పీఠముపై నుంచి పూజించుట అనేక కుటుంబముల ఆచారము. చదువగలవారు గతించిన పిమ్మటను పూజ సాగిన ఇండ్లు లేకపోలేదు; అట్టి ఇంట గ్రంథమునకు హారతి దక్కెను గాని పాఠకుడు దక్కలేదు.

నిజాం ప్రభుత్వము 19వ శతాబ్ది తుదిభాగమున ఫారసీని విడిచి ఉర్దూను రాజభాషగా గ్రహించుటతోను, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే సాగుటతోను, వకీళ్ళ ఇండ్లలో కానూను గ్రంథములు ముందువరుసకు వచ్చెను. తెలుగు భాగవతము పూజగదికి పోయెను. ఇందు నిందింపదగినది లేదు. పాలమూరు మండలమువాడైన బూర్గుల రామకృష్ణరావు ఫారసీ ఉర్దూలను సంస్కృతాంధ్రములతో సమముగా అభ్యసించినవాడే. 1931లో దేవరకొండలో తెలుగువారి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించినవాడును అతడే. ఇక పట్వారీ ఇంటిలో రామాయణముకంటె ఊరివారు భయపడు పుస్తకమొకటి యుండెను: పహాణీలను, సేత్వారులను గుడ్డలో మూటగట్టిన దఫ్తరము. ఎవని చేను ఎవనిదో ఆ మూట చెప్పవలెను. దానిని చదువగలవాడు ఊరికొక్కడు. 1946–51 నాటి తెలంగాణ సాయుధపోరాటమున రైతులు దొరల గడీలపై బడినపుడు ఋణపత్రములతోపాటు దఫ్తరములను కూడ వెదకి తగులబెట్టుటకు ఇదియొక కారణము.

తెలంగాణమున కవులే లేరను ఆక్షేపణ వెలువడినపుడు, అలంపురము ప్రాంతపు ఇటికాలపాటి వాస్తవ్యుడైన సురవరము ప్రతాపరెడ్డి (1896–1953) మాటలతో సరిపెట్టలేదు. 1926లో తాను స్థాపించిన గోలకొండ పత్రికా ముఖమున ఊరూరి కవుల పద్యములను సేకరించి, 1934లో 354 మంది రచనలతో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. అంతవరకు తమ ఇంటి నాలుగు గోడలు దాటని కాగితములు ఎన్ని అందు వెలుగు చూచెనో! నా దృష్టిలో ఆ సంచిక కవితాసంకలనమాత్రము కాదు. తెలంగాణపు సందుగలన్నిటిని ఒక్కమారు తెరచి చూపిన పట్టిక. అంతకంటె విశేషమైనది 1949లో వెలువడిన ఆతని ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఇతరులు శృంగారరసమునకై దాచుకొన్న శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యములను ప్రతాపరెడ్డి కూటికుండలకై, కట్టుబట్టలకై, జూదములకై, పిల్లల యాటలకై వెదకి చదివెను. ఏ పండితుని గూటనైన నుండదగిన పుస్తకములే అవి. అరను చూచినవాడు ఆ పండితునికిని ప్రతాపరెడ్డికిని భేదమెట్లు కనిపెట్టగలడు?

గూడే లేని ఇండ్ల ముచ్చటయు చెప్పవలెను, ఏలయన అవియే అధికసంఖ్యాకములు. అక్షరము నోచుకోని కుటుంబములకు కథలు ఒగ్గువారి, శారదకాండ్ర నోటనే యుండెను. కరవున పనికై దేశాంతరము పోవు పాలమూరు కూలీ, ఏడాదిలో సగము తాళము వేసియుండు ఇంట బీరువా ఎక్కడ నిలుపును? అట్టి పేదరికమునుండియే వట్టికోట ఆళ్వారుస్వామి (1915–61) పుట్టుకొనివచ్చెను. నకిరేకల్లు సమీపమున మాదారమున జన్మించి, ఇతరుల ఇండ్లలో వంటచేసి, హోటలులో పనిచేసి, స్వయంకృషితో చదువు నేర్చిన ఆతడు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. సభ జరుపుకొనుటకు సైతము గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు క్రింద నిజాం సర్కారు అనుమతి కావలసిన ఆ దినములలో, తెలుగు పుస్తకమును కొని ఇంటనుంచుకొనుటకు కొంత గుండెదిటవు కావలసియుండెను.

నేటి కాలమున ఈ చరిత్రకు పూర్వపు నల్లగొండ జిల్లాలోని రామన్నపేట మండలము, వెల్లంకి గ్రామమున నొక కొనసాగింపు కలదు. పదవీవిరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడు, కవి కూరెళ్ళ విఠలాచార్యులు 2014 ప్రాంతమున తన సొంత పుస్తకములతో తన ఇంటినే గ్రంథాలయముగా మార్చెను. ఇతరుల దానములతో అది సుమారు రెండులక్షల గ్రంథములకు పెరిగినది. 2024లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఒక్కని అభిరుచితో మొదలైన ఆ అరలలో నిప్పుడు వేరువేరు ఇండ్ల పుస్తకములు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. గ్రంథాలయమునకు విషయక్రమము ఆవశ్యకమే గాని, ఆ క్రమమున పడిన పుస్తకము ఏ ఇంటినుండి వచ్చెనో చెప్పజాలదు. కావున ఇచ్చట కాని, మరెచ్చట కాని దానముగా వచ్చు ప్రతి గ్రంథపు మొదటి పుటపై దాత పేరును, ఊరును వ్రాయించుటయు, అంచులలోని పాత వ్రాతలను చెరపకుండుటయు మేలు. తాటాకు వ్రాసిన లేఖకుడు ఎవరును అడుగకయే ఆ పని చేసిపోయెను.