పొత్తు ఇంజను

కోలారు జిల్లా బైరకూరు వైపు పొత్తు బోరంటే పేచీల పుట్ట. నేల ఒకరిది, తవ్వించిన డబ్బు ఇంకొకరిది, మోటరు కాలితే ఖర్చు ఎవరిదో తేలదు. వెయ్యి అడుగులు దాటినా తడి తగలని సీమ ఇది, ఒక్కడి మూటతో అయ్యే పని కాదు మరి. ఆవిరి ఇంజను కథా ఇలాంటిదే. అదీ నీళ్ళు తోడడానికే పుట్టింది, అదీ పొత్తులోనే పెరిగింది.

1712లో ఇంగ్లండులోని డడ్లీ దగ్గర, బొగ్గుగనిలో ఊరే నీళ్ళను తోడడానికి థామస్ న్యూకొమెన్ ఇంజను నిలబెట్టాడు. ఇనుప సామాన్ల వ్యాపారి ఆయన, తోడు జాన్ కాలీ. కానీ నిప్పుతో నీళ్ళెత్తే హక్కు 1698 నుంచీ థామస్ సేవరీ పేటెంటులో ఉంది. దాని నీడలోనే పని నడపాల్సి వచ్చింది.

న్యూకొమెన్ ఇంజను బొగ్గు మింగే భూతం. జేమ్స్ వాట్ దాని ఆకలి తగ్గించే ఉపాయం కనిపెట్టాడుగానీ చేతిలో పైసా లేదు. జాన్ రోబక్ అనే ఆసామి ఆయన అప్పు 1,000 పౌండ్లు నెత్తికెత్తుకుని, 1769 పేటెంటులో మూడింట రెండు వంతులు రాయించుకున్నాడు. దయతో కాదు, మునిగిపోతున్న తన గనుల కోసం. 1773లో రోబక్కే దివాలా తీశాడు. అప్పులవాళ్ళెవరూ ఆ ఇంజనుకు విలువ కట్టలేదు. బర్మింగ్‌హామ్ వర్తకుడు మాథ్యూ బౌల్టన్ మాత్రం తనకు రావలసిన 1,200 పౌండ్ల బాకీకి బదులు ఆ వాటా చాలన్నాడు. నన్నడిగితే ఈ కథలో అసలు తెలివి అక్కడుంది. 1775లో పార్లమెంటు చేత పేటెంటు గడువును 1800 దాకా పెంచుకున్నాకే బౌల్టన్, వాట్ వ్యాపారంలోకి దిగారు. సిలిండర్లను గుండ్రంగా తొలిచి ఇచ్చింది జాన్ విల్కిన్‌సన్. ఆయనే తర్వాత చాటుగా నకలు ఇంజన్లు చేసి అమ్ముతూ దొరికిపోయాడు.

కార్న్‌వాల్ గనుల్లో రాగి, తగరం ఉన్నాయి, బొగ్గు లేదు. వేల్స్ నుంచి ఓడల్లో తెచ్చుకోవాలి. బౌల్టన్, వాట్ అక్కడ ఇంజను ధర అడగలేదు. పాత ఇంజనుతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలితే అందులో మూడో వంతు ఏటా మాకివ్వండి అన్నారు. మన కోరు సేద్యంలా ఉంది కదా! లెక్క కోసం ఇంజను దూలానికి ఒక పెట్టె బిగించారు. దూలం ఊగినప్పుడల్లా లోపలి లోలకం కదిలి, ఒక అంకె ముందుకు జరుగుతుంది. పెట్టెకు తాళం. మొదట్లో గనుల యజమానులు సంబరపడ్డారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మూడో వంతు కంట్లో నలుసైంది. ఎగవేతలు, కోర్టు వ్యాజ్యాలు, పేటెంటు తీరేదాకా అదే రచ్చ.

తర్వాతి తరంలో కార్న్‌వాల్ గనులను పెద్ద పెద్ద ఇంజన్లతో నడిపినవాళ్ళలో జాన్ టేలర్ ఒకడు. ఆ వంశం వాళ్ళ సంస్థే 1880లో మన కోలారుకు వచ్చింది. అంతకుముందు ఇక్కడా వాట్, రోబక్‌ల కథే జరిగింది. మైఖేల్ లావెల్ అనే మాజీ సైనికుడు 1875లో బంగారం తవ్వే హక్కు సంపాదించాడు. డబ్బు చాలక, 1877లో బెరెస్‌ఫర్డ్ అనే ఆయన బృందానికి బదిలీ చేశాడు. చివరికి గనులు జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికొచ్చాయి. వాళ్ళ వెంట కార్న్‌వాల్ మేస్త్రీలూ, ఆవిరి ఇంజన్లూ దిగాయి.

కోలారు ఉన్న మైసూరు సీమలోనూ బొగ్గు లేదు. ఆ కరువే ఇక్కడ ఆవిరికి ఎసరు పెట్టింది. దివాను శేషాద్రి అయ్యర్ పూనికతో శివనసముద్రం దగ్గర కావేరి నీటితో కరెంటు తీయడానికి ఏర్పాట్లు జరిగాయి. అది పారడం చూడకుండానే ఆయన 1901లో కన్నుమూశారు. 1902 జూన్ 30న 147 కిలోమీటర్ల తీగ మీదుగా కోలారు బంగారు గనులకు, అంటే కేజీఎఫ్‌కు, కరెంటు చేరింది.

గని కంపెనీలు దాన్ని కొన్నది గుర్రపు బలం లెక్కన, ఏడాదికి ఇంతని. ఆ కొలత వాట్‌దే. చక్రాలు తిప్పే ఇంజన్లకు బొగ్గు ఆదా లెక్క కుదరక, నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పనిని ఒక గుర్రంగా కట్టి, గుర్రానికి ఏటా లండన్‌లో 6 పౌండ్లు, బయట 5 పౌండ్లు వసూలు చేశారు. ఈరోజుకీ బోరు మోటరు కోసం ముళబాగిలు కొట్టుకు వెళ్తే మొదట అడిగేది అదే: "ఎన్ని హెచ్‌పీదన్నా?"