ఉప్పుగాలిలో రాజరథాలు

చాలా కాలంగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. పాతకార్లంటే ప్రాణం పెట్టే మిత్రులు నలుగురైదుగురు విశాఖలో నాకున్నారు. ఆదివారం ఉదయం ఎంవీపీ కాలనీలో ఒక టీ దుకాణం దగ్గర కలుసుకుంటాం. ఒకాయనకు 1967 నాటి ఫియట్ 1100 డిలైట్ ఉంది. ఇంకొకాయనకు కాంటెస్సా. మూడవవాడు కొత్త జర్మను కార్ల భక్తుడు, పాతవాటిని చూడడానికి మాత్రమే వస్తాడు. నా దగ్గర ఏ కారూ లేదు గాని అభిప్రాయాలు దండిగా ఉన్నాయి. మా మధ్య ఏళ్ళ తరబడి తెగని తగవు ఒక్కటే: విలాసవంతమైన కారంటే అసలు ఏది? ఆ తగవు పుణ్యమా అని నేను చదువుకున్న చరిత్రలో కొంత ఇక్కడ పెడుతున్నాను.

తెలుగునాట ఈ మాట ఎత్తగానే అందరి చూపూ హైదరాబాదు వైపు పోతుంది. చౌమహల్లా ప్రాసాదంలో అద్దాల వెనుక నిలబడి ఉన్న పసుపుపచ్చని రోల్స్‌రాయిస్‌ను చాలామంది చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి తెప్పించుకోబోయిన బండి. అది తయారై వచ్చేలోపే, 1911 ఆగస్టులో, ఆయన కన్నుమూశాడు. సింహాసనం, దానితోబాటు ఈ కారూ కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కాయి.

ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ సంస్థ పూర్తి కారును అమ్మేది కాదు. ఇంజను, చక్రాలు, కింది చట్రం వరకే వారి పని. ఆపైన గుఱ్ఱపుబగ్గీలు కట్టే వంశపారంపర్య వడ్రంగుల దగ్గరకు వెళ్ళి, కొన్నవాడు తనకు కావలసిన రూపాన్ని చెప్పి కట్టించుకోవాలి. నిజాము బండికి పైభాగం కట్టినది లండనులోని బార్కర్ కంపెనీ. వెనుక సీటు సింహాసనంలాగా ఎత్తుగా ఉంటుంది, దానిపైన గుమ్మటంలాంటి కప్పు. దారి పక్కన నిలబడ్డ జనానికి ప్రభువు కనబడడం దాని ప్రయోజనం. ప్రయాణసౌఖ్యం ఆ తరువాతి మాట. అంబారీకి చక్రాలు వేసినట్టన్నమాట! ఇంతా చేసి ఆ కారు తిరిగిన దూరం నాలుగువందల మైళ్ళు కూడా లేదంటారు.

అలాగని ఆ ఇంజను పని చెప్పడానికి పనికిరానిదేమీ కాదు. ఏడు లీటర్ల పైచిలుకు, ఆరు సిలిండర్ల ఆ యంత్రమే 1907లో స్కాట్లండు, ఇంగ్లండు దారుల మీద ఆగకుండా పధ్నాలుగు వేల మైళ్ళు పరుగెత్తి ఆ సంస్థకు పేరు తెచ్చింది. మరుసటి సంవత్సరం మన దేశానికి వచ్చిన 'పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్' అనే సిల్వర్ ఘోస్ట్ బొంబాయి నుంచి కొల్హాపూరు దాకా పడమటి కనుమలు ఎక్కి దిగి పోటీలో నెగ్గింది. ఆ బండిని గ్వాలియరు మహారాజు కొన్నాడు. ఆపైన సంస్థానాధీశులంతా బారులు తీరారు. 1911 ఢిల్లీ దర్బారుకు ప్రభుత్వమే ఎనిమిది సిల్వర్ ఘోస్ట్‌లు తెప్పించింది.

ఇక్కడ ఒక చిన్న పిడకలవేట. రోల్స్‌రాయిస్ దుకాణంలో తనను చులకన చేశారని ఒక మహారాజు బోలెడు కార్లు కొని, వాటితో వీధుల్లో చెత్త ఎత్తించాడన్న కథ మీరు వినే ఉంటారు. అల్వరు అని ఒకరు, భరత్‌పూరు అని ఒకరు, పటియాలా అని ఇంకొకరు, మనవాళ్ళయితే నిజామే అని చెబుతారు. ఒకే కథ ఇంతమంది మీద నడుస్తోందంటేనే అనుమానించాలి. దానికి ఋజువుగా చూపే ఫొటోలో చక్రాల ముందు చీపుళ్ళు కట్టిన కారొకటి కనిపిస్తుంది. దారిలో పోసిన మేకులు టైర్లకు గుచ్చుకోకుండా ఊడ్చడానికి కట్టిన చీపుళ్ళవి. ఆ కారు రోల్స్‌రాయిస్ కూడా కాదు. తెల్లవాడికి మనవాడు బుద్ధి చెప్పాడన్న తృప్తి ఈ కథను బ్రతికిస్తోంది. ఆ తృప్తిని నేను తప్పుపట్టను, చరిత్రగా మాత్రం ఒప్పుకోను.

హైదరాబాదును వదిలి మన ఉత్తర సర్కారులకు వద్దాం. విజయనగరం, బొబ్బిలి, జయపురం, పిఠాపురం, సంస్థానాలకేమీ కొదవలేదు. విజయనగరం 1979 వరకూ, జయపురం 1936లో ఒరిస్సా ఏర్పడేవరకూ విశాఖపట్నం జిల్లాలోనివే. అయితే ఇక్కడ కారున్నవారికి రాజఠీవి సమస్య కాదు, నదులు సమస్య. మదరాసు నుంచి వాల్తేరుకు కారులో రావాలంటే కృష్ణ దాటాలి, గోదావరి దాటాలి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ 1957లో, గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చాయి. అంతకుమునుపు ఎంత గొప్ప కారయినా పంటు ఎక్కవలసిందే, లేదా రైలు పెట్టె మీద సామానుగా రావలసిందే. ఏనుగును మోసే ఠీవితో వచ్చిన బండి గోదావరి గట్టున పశువులతోబాటు పంటు కోసం వేచి ఉండడం ఊహించుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది.

మరి రేవు ఉన్నది కదా అంటారేమో. విశాఖ రేవుకు మొదటి ఓడ 'జలదుర్గ' 1933 అక్టోబరులో వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. కాని ఆ రేవును తవ్వినది మాంగనీసు రాయిని బయటికి పంపడానికి. బైలదిల్లా ఇనుపరాయి కొత్తవలస రైలుమార్గం గుండా దిగివచ్చి, 1960ల చివర నుంచి జపానుకు ఓడలెక్కింది. ఆ రాతిలో ఏ పిసరు ఏ టొయోటాకు బానెట్టు అయిందో ఎవరు చెప్పగలరు! మనం రాయి పంపుతూ ఉండగా జపాను కార్లు చేస్తూ ఉంది. 1983 డిసెంబరులో సుజుకీ మారుతి 800 పేరుతో మన గుమ్మంలోకి వచ్చింది.

ఉక్కు సంగతి ఇంకా విచిత్రం. 1966లో ముప్ఫైరెండు మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారం మనది. 1971లో పునాదిరాయి పడితే, మొదటి కొలిమి 'గోదావరి' వెలిగేసరికి 1990 వచ్చింది. అక్కడ తయారయ్యేవి ఊచలు, కమ్మెలు, తీగచుట్టలు, దూలాలు. కారు ఒంటికి కావలసిన పలుచని రేకు విశాఖ ఉక్కులో పుట్టదు. ఇది తెలియని కుర్రతనంలో, గాజువాక దారిన పోయే ప్రతి కారునూ చూసి "మా ఊరి ఇనుమే" అని మురిసిపోయేవాణ్ణి. ఎవరో ఇంజనీరుగారు నవ్వి చెబితే తెలిసింది.

కారు కర్మాగారమే ఒకటి చేతిదాకా వచ్చి జారిపోయింది. 2000ల తొలినాళ్ళలో ఫోక్స్‌వ్యాగన్ విశాఖకు వస్తుందని ఊరంతా మాట్లాడుకుంది. 2005లో ప్రభుత్వం చెల్లించిన 11 కోట్ల పైచిలుకు రూపాయలు ఆ జర్మను సంస్థకు చేరకుండా వశిష్ట వాహన్ అనే వేరొక సంస్థకు చేరాయని గొడవ పుట్టింది, సీబీఐ విచారణ దాకా పోయింది. కర్మాగారం పూణె దగ్గరి చాకణ్‌కు తరలి, 2009లో తెరుచుకుంది. అప్పటికే బెంట్లీ, ఆడి, లంబోర్గినీ ఆ కుటుంబంలోని పిల్లలే. చాకణ్‌లో చేస్తున్నవి మామూలు కార్లే గాని, మా కాంటెస్సా మిత్రుడు మాత్రం "బెంట్లీ మేనరికం తప్పిపోయింది" అని ఇప్పటికీ నిట్టూరుస్తాడు. పోనీలెండి, 2019 నుంచి రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి.

స్వాతంత్ర్యానంతరం నాలుగు దశాబ్దాలపాటు ఈ దేశంలో 'విలాసవంతమైన కారు' అన్న మాటకు అర్థమే మారింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. షెడ్లలోని పాతబండ్లు కారుచౌకగా విదేశాలకు తరలిపోతుంటే ప్రభుత్వం 1972లో ఆ ఎగుమతిని నిషేధించింది. విదేశీ కొత్తబండి దిగుమతి దుర్లభం. మిగిలినవి అంబాసిడర్, ఫియట్, మదరాసువారి స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అటువంటి కాలంలో ఏ కారయినా విలాసమే. 1980లలో ధనికుల కోసమని కాంటెస్సా, స్టాండర్డ్ 2000 వచ్చాయి. రెండవది బ్రిటిషు రోవర్ దుస్తులు తొడుక్కున్న ముసలి ఇంజను. నాలుగేళ్ళు తిరక్కుండానే మూలబడింది. మెర్సిడెస్ 1995లో పూణెలో తయారీ మొదలుపెట్టాకనే ఇప్పటి అర్థంలో ఆ మాట మనకు తిరిగివచ్చింది.

అసలు తెలుగువారి జ్ఞాపకంలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన పాతబండి ఏది? రామారావుగారి చైతన్యరథం. ఒక పాత షెవ్రోలె వ్యాను. 1982లో దానికి మార్పులు చేయించి, కుమారుడు హరికృష్ణ తోలగా, ఆయన రాష్ట్రమంతా చుట్టివచ్చాడు. నిజాము రోల్స్‌రాయిస్ ప్రయోజనమూ ఇదే కదా, ప్రభువు జనానికి కనబడడం! రెండింటిలో తన పని పూర్తిచేసినది మాత్రం వ్యానే.

ఇక మా తగవుకు వస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిమీద విరుచుకుపడింది. (అదే ఏడు మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.) ఆ రాత్రి మా మిత్రుడి ఫియట్ మీద చెట్టు కూలింది. కప్పు అప్పడంలా అణగిపోయింది. అదే వీధిలో మూడేళ్ళ వయసున్న ఖరీదైన విదేశీకారు ముందు అద్దం కొమ్మ తగిలి పగిలింది, అంతే. రాత్రంతా వాన లోపలికి కురిసింది. నెల తిరిగేసరికి ఆ కొత్తకారులోని ఎలక్ట్రానిక్ సరంజామా పనికిరాదని తేల్చి, బీమావారు డబ్బిచ్చి బండిని లాక్కుపోయారు. ఫియట్‌ను మావాడు గాజువాక ఆటోనగర్‌లో ఒక రేకుమేస్త్రీకి అప్పగించాడు. ఆయన కప్పు కోసి, కొత్త రేకును చెక్కసుత్తితో నాలుగు నెలలు కొట్టి కొట్టి పూర్వరూపం తెచ్చాడు. సముద్రపు ఉప్పుగాలికి ఏటా ఏదో ఒక మూల తుప్పు పడుతూనే ఉంటుంది, ఆయన కోసి అతుకుతూనే ఉంటాడు. బార్కర్ కంపెనీ వడ్రంగుల విద్యకు వారసుడు నాకు ఆయనే అనిపిస్తాడు.

ఈ మాట అంటే జర్మను కార్ల భక్తుడు ఊరుకోడు. "హైవే మీద లారీ ఎదురైతే నీ మనవణ్ణి ఏ కారులో కూర్చోబెడతావు?" అని అడుగుతాడు. ఫియట్‌లో సీటుబెల్టు లేదు, గాలిసంచులు లేవు, బ్రేకు వేస్తే బండి ఎటు లాగుతుందో దేవుడికెరుక. ఆ ప్రశ్నకు మా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయన పక్షాన న్యాయముందని ఒప్పుకుంటాను.

2021 జూలైలో కేంద్రప్రభుత్వం యాభైయేళ్ళు దాటిన బండ్లకు ఒక గౌరవం కల్పించింది. ఇరవైవేలు కడితే 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. పదిహేనేళ్ళు దాటి యాభై నిండని బండికి మాత్రం ఏ మర్యాదా లేదు, పైగా 2022లో తిరిగి నమోదు చేయించే రుసుము అయిదువేలకు పెరిగింది. కాంటెస్సా మిత్రుడు 2034 ఎప్పుడొస్తుందా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు, ఆ లోపల ఉప్పుగాలి ఎంత మిగులుస్తుందో మరి.

ఫియట్ ఆసామికి ఆ అర్హత 2017లోనే వచ్చింది. దరఖాస్తు పెట్టమని మేమంతా పోరాము. నిబంధనలు తెప్పించుకుని చదివాడు. వీఏ నంబరున్న బండి ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతులకూ తప్ప నిత్యం రోడ్డెక్కకూడదని అందులో ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే రైతుబజారుకు ఎట్లా వెళ్ళాలి?" అన్నాడు. దరఖాస్తు పెట్టలేదు. మొన్న ఆదివారం కూడా వెనుక సీటులో ఆనపకాయలూ, వంకాయల సంచీ వేసుకునే టీ దుకాణానికి వచ్చాడు.