పాత పికప్ బండి వెనక డోర్: కూరగాయల రవాణాకు తగ్గట్టు మార్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో వెంగళరావు నగర్‌కు దగ్గరలోనే ఎర్రగడ్డ రైతు బజారు ఉంది. రాష్ట్రంలో రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. అప్పటి నుంచి సొంత పంటను తామే తెచ్చి అమ్ముకునే రైతులకు చిన్న సరుకు బండి పెద్ద ఆసరా అయింది. కొత్త బండి కొనే స్తోమత లేక చాలామంది పాత టాటా ఏస్, మహీంద్రా పికప్ వంటివి కొంటారు. ఇంజన్ బాగున్నా ఈ బండ్లలో వెనక డోర్ (డాలా) ముందుగా పాడవుతుంది. తడి ఆకుకూరల నీరు కారి అడుగు రేకు తుప్పు పడుతుంది, మడత బందులు అరుగుతాయి, గొళ్లెం వదులవుతుంది. గతుకులో డోర్ ఊడి క్రేటు రోడ్డున పడితే నష్టం సరుకుతో ఆగదు. వెనక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ప్రాణానికే ముప్పు.

డోర్ మార్చేటప్పుడు ఒక్క సూత్రం గుర్తుంచుకోవాలి: సరుకు దించడం సులువు కావాలి, బండి పొడవు, ఎత్తు, బరువు మాత్రం పెరగకూడదు.

ఏ రకం డోర్ మేలు?

1. కిందికి దిగే డోర్: బండితో వచ్చే మామూలు డోర్ ఇదే. గొలుసుల మీద అడ్డంగా ఆగినప్పుడు దించే మనిషి డోర్ ఎత్తు మేర దూరంగా నిలబడి 20–25 కిలోల క్రేటును వంగి లాగాలి. నడుము నొప్పి అక్కడే మొదలవుతుంది. గొలుసుల కొక్కేలు సులువుగా తీసేలా పెట్టించి, డోర్ పూర్తిగా కిందికి వేలాడేలా చేస్తే మనిషి క్రేటుకు దగ్గరగా నిలబడగలడు. వేలాడే డోర్ లైట్లకు తగలకుండా రబ్బరు దిమ్మలు బిగించాలి.

2. రెండు పక్కలకు తెరుచుకునే డోర్: ఒక్కో రెక్క తేలికగా ఉంటుంది, ఒక్కరే తీయవచ్చు. అయితే రద్దీ మార్కెట్‌లో పక్కన చోటు కావాలి. తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా బాడీకి కొక్కెం ఉండాలి.

3. జాలీ డోర్: ఆకుకూరలు, టమాటాలకు గాలి తగులుతుంది. చువ్వల మధ్య సందు క్రేటు జారనంత చిన్నగా ఉండాలి. వడ్లు, మక్కల బస్తాలకు రేకు డోరే మంచిది.

రేకు మందం, బరువు

మందం పెరిగితే గట్టితనంతో పాటు బరువూ పెరుగుతుంది. చదరపు మీటరు ఇనుప రేకు ఒక్కో మిల్లీమీటరు మందానికి సుమారు 7.85 కిలోలు తూగుతుంది. ఐదు అడుగుల వెడల్పు, ఒక అడుగు ఎత్తు డోర్‌కు 2 మి.మీ. రేకు వేస్తే దాదాపు 7 కిలోలు, 3 మి.మీ. వేస్తే దాదాపు 11 కిలోలు. చట్రం బరువు దీనికి అదనం. 2 మి.మీ. రేకు వేసి, వెనక చదరపు పైపుతో చట్రం కట్టిస్తే మామూలు కూరగాయల లోడుకు సరిపోతుంది.

మడత బందులు, గొలుసులు

- రెండుకు బదులు మూడు మడత బందులు పెట్టించాలి. పిన్ను జారిపోకుండా చివర చీలిక పిన్ను వేయాలి.
- గొళ్లెం రెండు వైపులా ఉండాలి. గతుకుకు లేవకుండా దానికీ పిన్ను ఉండాలి.
- గొలుసులు రెండూ ఒకే పొడవు ఉండాలి. 70 కిలోల మనిషి డోర్ మూల మీద నిలబడితే, 45 డిగ్రీల వాలులో ఉన్న ఆ వైపు గొలుసు ఒక్కదాని మీదే దాదాపు 100 కిలోల లాగుడు పడుతుంది. దూకితే అంతకన్నా ఎక్కువ. అందుకే డోర్‌ను మెట్టుగా వాడకూడదు.

డోర్ దించి అదనపు లోడు వేయవద్దు

టాటా ఏస్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.1 మీటర్లు. వెనక ఇరుసుకు మీటరు అవతల 100 కిలోలు పెడితే ముందు చక్రాల మీద సుమారు 48 కిలోల బరువు తగ్గుతుంది. వెనక ఇరుసు మీద 148 కిలోలు పెరుగుతుంది. ముందు భాగం తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. దించిన డోర్ వల్ల నంబరు ప్లేటు, లైట్లు కనపడకపోవచ్చు కూడా. అలాగే డోర్ ఎత్తు పెంచి క్రేట్లు మరో వరస పేరిస్తే మలుపులో బండి ఒరుగుతుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి భిన్నంగా బండి నిర్మాణాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాడైన డోర్‌ను అదే కొలతలో బాగుచేయించడం మరమ్మతు. బాడీ పొడవు, ఎత్తు మార్చాలనుకుంటే మాత్రం రేకు కోయకముందే ఆర్టీఏ ఆఫీసులో అడగాలి. ప్రమాదం జరిగితే ఇలాంటి మార్పుల వల్ల బీమా క్లెయిముకూ చిక్కులు రావచ్చు.

వెల్డింగ్ సమయంలో జాగ్రత్తలు

- బ్యాటరీ మైనస్ వైరు తీయాలి. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టించాలి.
- టార్పాలిన్, గోనె సంచులు, గడ్డి తీసేయాలి. డీజిల్ ట్యాంకు వైపు రవ్వలు పడకుండా అడ్డు పెట్టి, బకెట్ ఇసుక దగ్గర ఉంచాలి.
- పని అయ్యాక తుప్పు గీకి, రెడాక్సైడ్ ప్రైమర్ పూసి, ఆరాక పెయింట్ వేయించాలి. నీరు నిలవకుండా చట్రం అడుగున రంధ్రాలు ఉంచాలి.
- వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు తిరిగి అతికించాలి. తెల్లవారుజామున చీకట్లో వెళ్లే బండికి ఇది తప్పనిసరి.

ప్రతి ట్రిప్పుకు ముందు

గొళ్లెం రెండు వైపులా చేత్తో లాగి చూడాలి. గొలుసు లింకులు, వెల్డింగ్ అతుకుల్లో పగుళ్లు ఉన్నాయేమో గమనించాలి. ఇంటికి వచ్చాక అడుగు రేకు కడిగి ఆరబెట్టాలి. మడత బందులకు వారానికోసారి నూనె వేయాలి. పురుగుమందు డబ్బాలను కూరగాయలతో కలిపి తేవద్దు.

సినిమాల్లో బండ్లలా అలంకారాలకు పెట్టే డబ్బు గట్టి మడత బందులకు, గొళ్లేలకు పెడితే సరుకు క్షేమంగా మార్కెట్‌కు చేరుతుంది, రైతు క్షేమంగా ఇంటికి చేరతాడు.